మట్టం తెలిసిన చేతులు

మోక దగ్గర హగరి ఏటికి అడ్డంగా, దాని నెత్తిమీదుగా ఇంకో ఏరు పోతుంది. తుంగభద్ర కుడిగట్టు దిగువ కాలువ అది. బళ్ళారికి ఈశాన్యంగా ఉన్న ఈ పల్లెపట్టులో, బైరదేవనహళ్లి వద్ద, స్తంభాల మీద నిలిపిన అక్విడక్టులోంచి కాలువ హగరిని దాటి ఆంధ్ర వైపు సాగుతుంది. కింద ఏట్లో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. పైన మాత్రం హోసపేట ఆనకట్ట వదిలిన నీళ్లు, ఎక్కడా తొందరపడకుండా, ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు పొలాల వైపు నడుస్తుంటాయి. మొత్తం 349 కిలోమీటర్ల కాలువ. ఆ పొడవునా నీటిని ముందుకు తోసే పంపు ఒక్కటీ లేదు. నేల వాలే దాన్ని నడపాలి. వాలు ఎక్కువైతే నీళ్లు గట్లు కోసేస్తాయి, తక్కువైతే బురద పేరుకుని కాలువ పూడిపోతుంది. ముందే ఎత్తు ఖర్చుచేసేస్తే చివరి ఊరి చేలకు నీరెక్కదు. ఈ మూడింటి మధ్య గీత పట్టుకుని, కొండవార ఒదుగుతూ, వంకలు దాటుతూ, నల్లరేగడిలో వందల కిలోమీటర్లు కాలువ తీయడం ఎంత సూక్ష్మమైన పనో గట్టుమీద నిలబడి చూస్తే తెలియదు. బాగా కుదిరిన పని అలాగే ఉంటుంది. కష్టమంతా లోపల దాచుకుని, ఇది ఎప్పుడూ ఇలాగే ఉందన్నట్టు కనబడుతుంది.

ఇలా కుదిరిన పనే ఒక దేశమంతా పరచుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే నెదర్లాండ్స్ వైపు చూడాలి. మన పాత పుస్తకాల్లో హాలెండు అని రాసేవారు. సముద్రపు మట్టానికి కింద పొలాలున్న దేశమని బడిలోనే చదువుకుని ఉంటాం. ఆ మాటను వింతగా విని వదిలేయకుండా, ఒక పనివాడి పనిని చూసినట్టు దగ్గరగా చూడాలని ఈ వ్యాసం.

ముందు కొలతలు. ఆ దేశపు నేల విస్తీర్ణం సుమారు 33,500 చదరపు కిలోమీటర్లు. పాత కర్నూలు, అనంతపురం జిల్లాలు రెండూ కలిపితే వచ్చేదానికన్నా కాస్త తక్కువే. అందులో నాలుగో వంతుకు పైగా సముద్రమట్టానికి కింద ఉంది. అన్నిటికన్నా పల్లపు చోటు రోటర్‌డామ్ దగ్గరి జౌడ్‌ప్లాస్ పోల్డరులో, అంటే చుట్టూ గట్టు పోసి నీరు తోడేసిన నేలలో, మట్టానికి 6.76 మీటర్ల కింద. యూరప్‌లోని వాళ్ల భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, ఆగ్నేయ మూలనున్న వాల్స్ కొండ, 322 మీటర్లు. మోక చేలగట్టు అంతకన్నా ఎత్తులో ఉంటుంది. అంటే వాళ్ల కొండ కొసన నిలబడ్డ మనిషి కూడా, సముద్రం నుంచి కొలిస్తే, మా జొన్నచేలో నిలబడ్డ రైతు కంటే కిందే ఉన్నాడు. ఇక రైన్, మ్యూజ్, షెల్ట్ అనే మూడు పెద్దనదులు పైదేశాల నీళ్లన్నీ మోసుకొచ్చి ఈ పల్లంలోనే సముద్రంలో కలుస్తాయి. ముందు సముద్రం, వెనక నదులు, నెత్తిన వాన.

ఆ వాన సంగతి మన మెట్ట రైతుకు విడిగా చెప్పాలి. బళ్ళారి ప్రాంతానికి ఏడాదికి పడేది దాదాపు 500 మిల్లీమీటర్లు. అదీ కొద్ది నెలల్లో, తోచినప్పుడు. అక్కడ 800 మిల్లీమీటర్లు దాటుతుంది, కానీ పన్నెండు నెలలకూ పంచుకుని పడుతుంది. కుండపోత అరుదు, చినుకు మాత్రం ఏ నెలా మానదు. నైరుతి గాలి మనకు మూడు నాలుగు నెలల చుట్టం, వాళ్లకు ఇంట్లోవాడు. అట్లాంటిక్ మీదుగా వచ్చే ఆ గాలి వల్ల చలికాలం మరీ గడ్డకట్టించదు, వేసవి మరీ కాల్చదు. జనవరిలో సగటున 3 డిగ్రీలు, జూలైలో 18. మనకు చిరపరిచితమైన 40 డిగ్రీల ఎండను ఆ దేశం తన కొలతల చరిత్రలో మొదటిసారి చూసింది 2019 జూలైలో. చలికాలంలో ఎండ చాలక నీరు ఆవిరి కాదు. పడిన చినుకు పడిన చోటే నిలుస్తుంది. మనకు వాన రాకపోతే దిగులు, వాళ్లకు వచ్చిన వాన పోకపోతే దిగులు. సముద్రాన్ని ఆపే గట్టు ఎంత గొప్పగా కట్టినా, గట్టు లోపల పడే వాననూ అడుగునుంచి ఊరే ఊటనూ రోజూ ఎత్తి బయట పోయకపోతే ఆ పల్లం మళ్లీ చెరువైపోతుంది.

ఆ పల్లం మొదటినుంచీ అంత పల్లం కాదు. దాదాపు వెయ్యేళ్ల కిందట అక్కడివాళ్లు పీట్ నేలలను, అంటే కుళ్లిన మొక్కలు పొరలు పొరలుగా పేరుకున్న మెత్తని తడినేలలను, సాగులోకి తెచ్చారు. కాలువలు తీసి నీళ్లు దింపేశారు. నీరు పోయిన పీట్ కుంగుతుంది, గాలి తగిలి కరిగిపోతుంది. నేల దిగేకొద్దీ నీరు దానంతట అది పారడం మానేసింది. పైగా ఎండబెట్టిన పీట్ మంచి వంటచెరకు కాబట్టి పట్టణాల కోసం తవ్వి అమ్మారు; తవ్విన గుంతలు మడుగులయ్యాయి, మడుగులు గాలికి ఒడ్లు కోసుకుంటూ పెద్ద సరస్సులయ్యాయి. తమ సాగే తెచ్చిన చిక్కు ఇది. దాన్ని విప్పడానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయాల వరసే ఆ దేశపు భూగోళం.

ఆ ఉపాయాల్లో నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది పోల్డరు. 1612లో పూర్తయిన బేమ్‌స్టర్ పోల్డరు పని చూడండి. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన సుమారు 7,000 హెక్టార్ల సరస్సు. ముందు సరస్సు చుట్టూ గుండ్రంగా కట్ట పోశారు. కట్ట బయట, దాన్ని ఆనుకుని చుట్టుకాలువ తవ్వారు. ఆ తవ్విన మట్టే కట్టకు పనికొచ్చింది. అప్పుడు కట్టమీద గాలిమరలు నిలిపారు. నలభైకి పైగా. మర రెక్కలు తిరిగితే పళ్లచక్రాల ద్వారా అడుగున ఇంకో పెద్ద చక్రం తిరుగుతుంది, ఆ చక్రానికి తెడ్ల లాంటి పలకలుంటాయి, అవి నీళ్లను ఎగదోస్తాయి. ఒక చక్రం ఎత్తగలిగింది ఒకటిన్నర మీటరు మాత్రమే. సరస్సు అంతకన్నా లోతు. అందుకని మరలను అంచెలుగా పెట్టారు: ఒకటి అడుగునుంచి ఎత్తి మధ్య కాలువలో పోస్తే, రెండోది అక్కడినుంచి పైకాలువకు, చివరిది చుట్టుకాలువకు. మన ఏతం, గూడ, కపిల బావిలోంచి చేలోకి నీరెత్తాయి. ఆ మరలు చేలోంచి కాలువలోకి ఎత్తాయి. చేతిపనిలో ఇంత దగ్గరితనం, ఉద్దేశంలో ఇంత ఎడం మరెక్కడా చూడలేదు.

నీరు దిగాక బయటపడిన అడుగును చతురస్రాలుగా కోసి, దారులు, కాలువలు, పొలాలు గీత గీసినట్టు వేశారు. ఇప్పటికీ అలాగే ఉంది. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. మరల కూర్పులో ముఖ్యుడు యాన్ లేఖ్‌వాటర్. పుట్టుకతో వడ్రంగం, మరలపని ఎరిగిన మనిషి. డబ్బు పెట్టినవారిలో ముందుపేరు డిర్క్ ఫాన్ ఓస్. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీని నిలబెట్టిన వర్తకుల్లో అతనొకడు. ఆ కంపెనీ 1605 నుంచి మచిలీపట్నంలో కొట్లు తెరిచి మన అద్దకపు బట్టలు కొన్నది. తెలుగు తీరపు మగ్గాలకూ ఆ సరస్సు అడుగున మొలిచిన గడ్డికీ మధ్య ఉన్న దారం సన్ననిదే కానీ, ఉంది.

గాలిమరలను వరసగా చూడాలంటే కిండర్‌డైక్‌కు వెళ్లాలి. 1740 ప్రాంతంలో కట్టిన మరలతో కలిపి పంతొమ్మిది నిలిచి ఉన్నాయి. ప్రతి మరలోనూ ఒక కుటుంబం కాపురం ఉండేది. గాలి దిక్కు మారినప్పుడల్లా మర తలను గాలికి ఎదురుగా తిప్పాలి, గాలి బలాన్ని బట్టి రెక్కల మీద గుడ్డ పరచాలి, చుట్టాలి. రాత్రి గాలి లేస్తే రాత్రే పని. నీరెత్తడం అనేది అక్కడ మనిషి నిద్రలేమితో ముడిపడిన పని.

పని ఎంత పెద్దదైనా కొలత ఒకటి ఉండాలి. గట్టు ఎంత ఎత్తు పోయాలి, కాలువ నీరు ఎంతవరకు రావచ్చు అన్నప్పుడు, ఎక్కడినుంచి ఎత్తు? 1684లో ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షుడు యోహానెస్ హుడ్డే ఊరి తూముల వద్ద ఎనిమిది పాలరాతి పలకలు బిగించాడు. అతను గణితం చదివినవాడు. ఆ పలకల మీది గీత గట్టు ఎంత ఎత్తుండాలో చెబుతుంది. ఊరి నీటిమట్టానికి అది తొమ్మిది అడుగుల ఐదంగుళాల పైన. అలా పుట్టిన ఆమ్‌స్టర్‌డామ్ మట్టం తర్వాత దేశమంతటికీ సున్నా అయింది. చుట్టుపక్కల యూరప్ దేశాలు కూడా తమ ఎత్తులను దానికి ముడివేసుకున్నాయి. హోసపేట వద్ద మన జలాశయం నిండుమట్టం 1,633 అడుగులని దిగువ కాలువ రైతుకు నోటికి వచ్చు. ఆగస్టులో పేపరు తెరిచి మొదట చూసేది ఆ అంకెనే. మట్టం మీద బతికేవాళ్లకు అంకెలు ఇంటిమనుషుల్లాంటివి.

మన దగ్గరా ఈ విద్యకు రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువు ఎలా కట్టాలో చెబుతుంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించిన అనంతరాజసాగరం అది. ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు లెక్కపెట్టింది. కట్టలో నీరు కారడం, నేల చవుడు కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం లాంటివి ఆ దోషాలు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా చెక్కించారు. దేవుణ్ణీ రాజునూ పొగిడే రాతిమీదే పని లెక్కకూ చోటిచ్చిన ఆ నిజాయితీ గొప్పది. తుంగభద్ర మీద విజయనగరం వాళ్లు బండరాళ్లతో వేసిన అడ్డుకట్టల కాలువలు, మా జిల్లాలో సిరుగుప్ప, దేశనూరు కాలువలతో సహా, ఈనాటికీ పారుతున్నాయి.

పందొమ్మిదో శతాబ్దానికి వస్తే ఆవిరి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్, హార్లెమ్, లైడెన్ ఊళ్ల మధ్య హార్లెమ్మర్‌మేర్ అనే సరస్సు తుఫాను తుఫానుకూ ఒడ్లు మింగుతూ ఉండేది. 1849 నుంచి 1852 వరకు మూడు ఆవిరి యంత్రాలు దాన్ని తోడేశాయి. అందులో ఒకటైన క్రుకియస్ ఇంకా మ్యూజియంగా నిలిచి ఉంది. దాని సిలిండరు అడ్డుకొలత 144 అంగుళాలు, ఒక్క సిలిండరు చుట్టూ ఎనిమిది దూలాలు వెలుపలికి చాచి, ఒక్కొక్కటి ఒక్కో పంపును ఆడించేది. ఇవాళ షిపోల్ విమానాశ్రయం ఆ సరస్సు అడుగునే ఉంది. అక్కడ దిగే ప్రయాణికుడు తాను సముద్రమట్టానికి మూడు నాలుగు మీటర్ల కింద అడుగుపెట్టానని అనుకోడు.

ఆ తర్వాతి పెద్దపని కార్నెలిస్ లేలీ అనే ఇంజనీరు గీసిన అఫ్స్లౌట్‌డైక్. సముద్రపు పాయను 32 కిలోమీటర్ల కట్టతో మూసేయడం. దానిలో నన్ను ఆపిన వివరం కట్ట పొడవు కాదు, కట్ట కింద పరిచిన చాప. పారే నీటిలో మట్టి పోస్తే, మట్టి నిలవకముందే నీరు అడుగును కోసేస్తుంది. అందుకని విల్లో చెట్ల సన్నని కొమ్మలను కట్టలు కట్టి, అడ్డంగా నిలువుగా పేర్చి, ముడివేసి, మైదానమంత వెడల్పు చాపలు ఒడ్డున అల్లేవారు. పడవలతో లాక్కొచ్చి, సరిగ్గా ఆ చోట, పైన రాళ్లు వేసి ముంచేవారు. అడుగు కదలకుండా అది పట్టి ఉంచుతుంది. దానిమీద మంచుయుగపు గట్టి బంకమన్ను, ఆపైన ఇసుక, అలల వైపున చేత్తో పేర్చిన నల్లని బసాల్టు రాళ్లు. ఆ రాళ్లు పేర్చడం ప్రత్యేక వృత్తి. పలుముఖాల రాయిని తిప్పి చూసి, పక్కరాయి అంచుకు అతుక్కునే ముఖం ఏదో కంటితో తేల్చి, సందులేకుండా దింపుతారు. 1932 మే 28న ఆఖరి గండి మూశారు. ఉప్పు సముద్రం కొన్నేళ్లలో మంచినీటి సరస్సయింది. అందులోంచి పోల్డర్లు లేచాయి, 1986లో ఫ్లేవోలాండ్ అనే కొత్త రాష్ట్రమే ఏర్పడింది.

అంత చేసినా 1953 జనవరి 31 రాత్రి, తెల్లవారితే ఫిబ్రవరి 1 అనగా, వాయవ్యపు తుఫాను నైరుతి మూలనున్న గట్లను తెంచింది. 1,836 మంది చనిపోయారు. అదే ఏడాది జూలైలో మన వైపు తుంగభద్ర నీరు మొదటిసారి కాలువల్లోకి వచ్చింది. అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్ళారి మైసూరుకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. నీళ్లు ఒకే కాలువవి, రాష్ట్రాలు రెండు. అందుకే తుంగభద్ర బోర్డు పుట్టింది.

ఆ వరద తర్వాత డచ్చివాళ్లు చేసిన డెల్టా పనుల్లో ఊస్టర్‌షెల్డ్ అడ్డుకట్ట గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదట ఆ నదీముఖాన్ని పూర్తిగా మూసేయాలనుకున్నారు. మూస్తే ఉప్పునీటి ఆటుపోట్లు ఆగి ఆల్చిప్పలు, చేపలు, పక్షులు పోతాయని జాలర్లు, ప్రకృతిని ప్రేమించేవాళ్లు ఎదురుతిరిగారు. ప్రభుత్వం పని మధ్యలో నమూనా మార్చింది. ఎప్పుడూ తెరిచి ఉండి, తుఫానుకు మాత్రమే మూసుకునే కట్ట. 65 స్తంభాలు, 62 ఉక్కు తలుపులు. ఒక్కో స్తంభం సుమారు 18,000 టన్నులు. వాటిని పొడి గుంతలో పోసి, గుంతలోకి నీరు వదిలి, ప్రత్యేకమైన ఓడతో ఎత్తి తెచ్చి, ముందే బిగుతుగా చేసి చాప పరిచిన సముద్రపు అడుగున దింపారు. 1986లో పని పూర్తయింది. జాలరి మాట విని సగంలో లెక్కలన్నీ మళ్లీ వేసుకున్న ఆ ఇంజనీర్ల ఓర్పు, ఉక్కు తలుపుల కంటే నాకు పెద్దదనిపిస్తుంది.

గాలి, ఇసుక విషయంలో హగరికీ ఉత్తర సముద్రానికీ దగ్గర చుట్టరికం ఉంది. ఆషాఢంలో గాలి లేస్తే హగరి ఎండిన కడుపులోంచి ఇసుక ఎగిరి ఒడ్డు పొలాల మీద పడుతుంది. పై దిక్కున, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో, దర్గా హొన్నూరు దగ్గర అది దిబ్బలై పొలాలు కప్పేసింది. డచ్చి తీరానికి అలాంటి ఇసుకదిబ్బలే మొదటి కోట. అక్కడ ఇసుకను ఎగరనివ్వరు. హెల్మ్ అనే గరుకు గడ్డిని పిడికెడు పిడికెడుగా వరసలు నాటుతారు. ఇసుక కప్పేకొద్దీ ఆ గడ్డి పైకి పెరుగుతూ కింద వేళ్లతో అల్లుకుంటుంది. ఇసుక పడటమే దానికి ఎరువు. 2011లో హేగ్‌కు దక్షిణాన రెండుకోట్ల పదిహేను లక్షల ఘనపు మీటర్ల ఇసుకను ఒకేచోట సముద్రంలో పోసి, అలలూ గాలీ వాటంతట అవే తీరం వెంబడి పంచుకునేలా వదిలారు. శత్రువు చేతే కూలి చేయించడం.

మా పనివాళ్లను ఇక్కడ తలచుకోకపోతే తప్పు. తుంగభద్ర ఆనకట్టను సిమెంటు కాకుండా సుర్కీ సున్నంతో, రాతికట్టుగా కట్టారు. 1945లో పునాది వేసి ఎనిమిదేళ్లలో కాలువలకు నీరిచ్చారు. 2024 ఆగస్టు 10 రాత్రి, జలాశయం నిండి ఉండగా, 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నీరంతా వదిలేస్తేగానీ కొత్త తలుపు దించలేరని అందరూ అనుకున్నారు. చిత్తూరు జిల్లాకు చెందిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు, వయసు మీదపడినా వచ్చి, పారే నీటిలోనే ఉక్కు పలకలను ఒకదానిమీద ఒకటి దింపించి వారంలో ఆ గండి మూయించారు. నిలిచిన నీటిలో దింపడానికి చేసిన పద్ధతిని దూకే నీటిలో చేయాలంటే, పలక గాడిలో ఏ క్షణాన పడుతుందో చేతికి తెలియాలి. ఆ వారం మా వైపు రైతులు టీవీల ముందు నుంచి లేవలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2022లో, హగరి వరద తర్వాత బైరదేవనహళ్లి అక్విడక్టు స్తంభం ఒకటి దెబ్బతిని కాలువ ఆపాల్సి వచ్చింది. నిలబడ్డ పంట చూస్తుండగా మరమ్మతు చేశారు. ఒక్క స్తంభం కింద ఇసుక కదిలితే రెండు రాష్ట్రాల చేలు ఆగుతాయి. విల్లో కొమ్మల చాప గురించి అంతసేపు రాసింది అందుకే.

కట్టినవాళ్ల తర్వాత కాపాడేవాళ్లు. రాయలసీమ చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీరో పంచేవాడు, తూము చూసేవాడు, అతనికి పంటలో వాటా. డచ్చి దేశంలో ఆ పని నీటి మండళ్లది. వాటిలో రైన్‌ల్యాండ్ మండలి రాతల్లో 1255 నుంచే కనిపిస్తుంది. ఇప్పుడు 21 ఉన్నాయి. వాటికి ప్రత్యేక ఎన్నికలు, ప్రత్యేక పన్ను. దేశానికి రాజ్యాంగం రాకముందే ఊళ్లు గట్టు కోసం కూడి కూర్చున్నాయి. పొలం పక్క కాలువలో గడ్డి, బురద తీయడం ఆ పొలం వాడి బాధ్యత. గడువు తేదీ ఉంటుంది, మండలి వాళ్లు వచ్చి చూస్తారు, తీయకపోతే వాళ్లే తీయించి ఖర్చు వసూలు చేస్తారు. గట్టుమీద గొర్రెలను మేపుతారు; గొర్రె గడ్డిని పొట్టిగా కొరుకుతుంది, గిట్టలతో మన్ను అణుస్తుంది. ఏ యంత్రమూ అంత మృదువుగా చేయలేదని వాళ్ల నమ్మకం.

రోటర్‌డామ్ రేవు ముందు మాస్లాంట్ అనే అడ్డుకట్ట ఉంది, 1997లో పూర్తయింది. నదికి రెండు ఒడ్డులా రెండు తలుపులు, ఒక్కోటి 210 మీటర్ల పొడవు. మామూలు రోజుల్లో ఒడ్డున గుంతల్లో ఉంటాయి. తుఫాను మట్టం మూడు మీటర్లు దాటుతుందని కంప్యూటరు లెక్క తేలిస్తే తేలివచ్చి, నీరు నింపుకుని మునిగి, నదిని మూస్తాయి. నిజంగా తుఫానుకు మూసింది వేళ్లమీద లెక్కపెట్టేన్ని సార్లే; 2007 నవంబరు, 2023 డిసెంబరు వాటిలోవి. అయినా ప్రతి ఏడాదీ తుఫానుల కాలం ముందు, సెప్టెంబరు వేళ, దాన్ని ఒకసారి మూసి చూస్తారు. ఆ రోజున జనం పిల్లలతో వచ్చి ఒడ్డున నిలబడతారు, తలుపులు మధ్యలో కలిసేదాకా చూసి వెళ్తారు.